వణికే చేతితో ఆరోసారి



గోల్ఫ్ ఆటను మీలో చాలామంది టీవీలో తప్ప చూసి ఉండరు. నేనూ అంతే. విశాలమైన పచ్చిక బయలు, చిన్న తెల్లబంతి, కొన వంగిన కర్ర, దూరంగా రెపరెపలాడే జెండా. ఇదేదో కలిగినవారి కాలక్షేపం అనుకొని పేజీ తిప్పేస్తాం. ఈ వారం మాత్రం తిప్పకండి. నేను చెప్పబోయేది ధనవంతుడి కథ కాదు, ఒక తోటమాలి కొడుకు కథ. ముప్పై మూడో ఏట క్షయరోగం పట్టి, ఆ తర్వాత కుడిచేయి మాట వినడం మానేసినా, నలభై నాలుగో ఏట ఎవరికీ దక్కని విజయం అందుకున్న మనిషి కథ. ఆయన పేరు హారీ వార్డన్.

నాకూ యాభై దాటింది కనుక ఈ కథ నన్ను ఇంతగా పట్టుకుందేమో. ఇళ్ళ సందర్శనానికి వెళ్ళినప్పుడు నలభై అయిదేళ్ళవారు కూడా తమ పని అయిపోయిందని నిట్టూర్చడం వింటూ ఉంటాను. ఒకరికి చూపు తగ్గింది, ఒకరికి మోకాలు అరిగింది, మరొకరు ముప్పై ఏళ్ళు చేసిన పనిని ఇప్పుడు యంత్రం చేస్తోంది. వారికి ఏం చెప్పాలో నాకు తోచేది కాదు. మళ్ళీ మునుపటిలా అవుతారని చెబితే అది అబద్ధమని వారికీ తెలుసు, నాకూ తెలుసు. వార్డన్ కథలో ఆ అబద్ధం లేదు.

ముందు ఆట సంగతి నాలుగు మాటల్లో. మన పల్లెల్లో పిల్లలు గోళీలను దూరం నుంచి గుంటలో పడేలా వేస్తారు కదా. గోల్ఫ్ కూడా అటువంటిదే, కాకపోతే గుంట కొన్ని వందల గజాల దూరంలో ఉంటుంది. దాని వెడల్పు 4.25 అంగుళాలు. అటువంటి గుంటలు 18. అన్నింటినీ తక్కువ దెబ్బల్లో పూర్తిచేసినవాడే విజేత. పెద్ద పోటీల్లో ఆ 18 గుంటలనూ నాలుగు చుట్లు తిరగాలి. వార్డన్ రోజుల్లో రోజుకు రెండు చుట్ల చొప్పున రెండు రోజుల్లో ముగించేవారు. బంతిని రెండు వందల గజాలు పంపిన దెబ్బా లెక్కలో ఒకటే, గుంటకు రెండడుగుల దూరంలో నెమ్మదిగా దొర్లించిన దెబ్బా ఒకటే. ఈ సంగతి గుర్తుంచుకోండి. మన కథకు ఆయువుపట్టు ఆ రెండడుగుల్లోనే ఉంది.

ఇంగ్లండుకూ ఫ్రాన్సుకూ మధ్య సముద్రంలో జెర్సీ అనే చిన్న దీవి ఉంది. పేరుకు ఇంగ్లీషు రాజుగారి ఏలుబడే గాని అది ఫ్రాన్సు తీరానికే దగ్గర. ఆ దీవిలో గ్రూవిల్ అనే ఊళ్ళో 1870 మే 9న హారీ పుట్టారు. తండ్రి తోటపని చేసేవాడు, తల్లి ఫ్రెంచివారు. పెద్ద సంసారం, చిన్న రాబడి. హారీకి ఏడెనిమిదేళ్ళ వయసులో కొందరు ఇంగ్లీషు దొరలు వచ్చి సముద్రం ఒడ్డున ఉన్న ఊరి ఉమ్మడి బయలులో గోల్ఫ్ మైదానం ఏర్పాటు చేసుకున్నారు. ఊరి పిల్లలకు దొరల కర్రల సంచులు మోసే పని దొరికింది. మోస్తూ మోస్తూ ఆట చూశారు. చూసిన తర్వాత ఆడకుండా ఉండగలరా? కొనడానికి డబ్బులేవి? చెట్టుకొమ్మ నరికి చెక్కారు, ఇనుప ఊచ కాల్చి కన్నం పొడిచారు, అందులో ముళ్ళపొద కర్ర దిగ్గొట్టారు. బంతికి బదులు పెద్ద తెల్లగోళీ. ఇందాక నేను గోళీల పోలిక తెచ్చింది ఊరికే కాదు.

చదువు త్వరగానే ఆగిపోయింది. హారీ ఒక మేజరు గారి ఇంట తోటమాలిగా చేరారు. ఆయనంతట ఆయన అక్కడే ఉండిపోయేవారేమో. తమ్ముడు టామ్ ముందుగా ఇంగ్లండు వెళ్ళి గోల్ఫ్‌నే వృత్తిగా చేసుకొని, ఒక పోటీలో డబ్బు గెలుచుకున్నాడని కబురు వచ్చింది. ఇంట్లో ఆడుకున్నప్పుడు టామ్ తనకంటే గొప్పగా ఆడలేదే అనుకున్నారు అన్నగారు. తమ్ముడి ప్రోత్సాహంతోనే 1890లో, ఇరవయ్యో ఏట, యార్క్‌షైర్‌లోని రిపన్ దగ్గర ఒక మైదానంలో పచ్చిక చూసుకునే ఉద్యోగంలో చేరారు. అక్కడినుంచి బరీకి, 1896లో గాంటన్‌కు. తోటమాలి పని ఊరికే పోలేదు. నేల వాలు, గడ్డి నిడివి, తేమ చూడగానే తెలిసిపోయేవి.

1896లో ఓపెన్ పోటీ స్కాట్లండులోని మ్యూర్‌ఫీల్డ్‌లో జరిగింది. గోల్ఫ్ ఆటగాళ్ళకు అంతకంటే పెద్ద గౌరవం లేదు. అంతకుముందు వరుసగా రెండేళ్ళు గెలిచిన జె. హెచ్. టేలర్‌తో వార్డన్ సమానంగా 316 దెబ్బల దగ్గర నిలిచారు. ఇద్దరి మధ్య మళ్ళీ 36 గుంటలు ఆడిస్తే వార్డన్ 157, టేలర్ 161. తర్వాత 1898లో ప్రెస్ట్‌విక్‌లో, 1899లో శాండ్‌విచ్‌లో గెలిచారు. 1900లో అమెరికా వెళ్ళి ఊరూరా తిరిగి ఆడి, షికాగో దగ్గర జరిగిన అమెరికా ఓపెన్ కూడా గెలుచుకున్నారు. ఆయన కర్రను పట్టే పద్ధతి, అంటే కుడిచేతి చిటికెన వేలు ఎడమచేతి చూపుడు వేలి మీదికి వచ్చేలా పట్టడం, ఈనాటికీ ఆయన పేరుతోనే చెలామణి అవుతోంది. దాన్ని ఆయన కనిపెట్టలేదు, అంతకుముందే కొందరు అలా పట్టేవారు. అయినా లోకం గెలిచినవాడి పేరే పెడుతుంది.

ఈ విజయాల వెనుక ఇల్లు ఎలా ఉందో కూడా చెప్పాలి. 1891లో ఆయన జెర్సీ అమ్మాయి జెస్సీ బ్రయంట్‌ను పెండ్లాడారు. మరుసటి సంవత్సరం పుట్టిన మగబిడ్డ కొద్ది వారాలకే చనిపోయాడు. భర్త మొదటి ఓపెన్ గెలిచిన 1896లోనే రెండో బిడ్డ ప్రాణం లేకుండా పుట్టాడు. ఆ తర్వాత ఆ దంపతులకు పిల్లలు లేరు. వార్డన్ రైళ్ళలో, ఓడల్లో తిరుగుతూ ఉండేవారు, జెస్సీ ఇంట్లో ఒంటరిగా ఉండేది. పత్రికలవారు ఆయన దెబ్బల లెక్క రాసుకున్నారు గాని ఆమె రోజుల లెక్క ఎవరూ రాయలేదు.

1903లో ఓపెన్ మళ్ళీ ప్రెస్ట్‌విక్‌కు వచ్చింది. ఆ పోటీకే వార్డన్ అనారోగ్యంతో వచ్చారు. చుట్టు మధ్యలో కళ్ళు తిరిగి పడిపోతానేమోనని భయపడ్డారు. అయినా 300 దెబ్బల్లో ముగించి, ఆరు దెబ్బల తేడాతో గెలిచారు. రెండో స్థానంలో నిలిచింది ఎవరనుకున్నారు? తమ్ముడు టామ్. ఇంగ్లండుకు దారి చూపిన తమ్ముడే. ఇది నాలుగో విజయం. ఆయనకు ముప్పై మూడేళ్ళు. కొద్ది నెలలకే నోట రక్తం పడింది. క్షయ.

నా చిన్నతనంలో మా వీధిలో ఒకాయనకు ఈ జబ్బు వస్తే కంచం వేరు, గ్లాసు వేరు, మంచం వసారాలోకి. అప్పటికే మందులు వచ్చాయి, అయినా జనంలో భయం పోలేదు. 1903లో మందు అనేదే లేదు. స్ట్రెప్టోమైసిన్ కనుగొన్నది 1943లో. అప్పట్లో చేయగలిగిందల్లా రోగిని మంచి గాలి తగిలే చోట ఉంచి, విశ్రాంతి ఇచ్చి, బలమైన ఆహారం పెట్టి ఎదురు చూడటం. మన మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం పేరు మీ ఇళ్ళలో పెద్దలకు గుర్తుండే ఉంటుంది. 1910ల్లో మొదలైన ఆ శానిటోరియంలోనూ మొదటి రోజుల్లో ఇదే చికిత్స. వార్డన్‌ను ఇంగ్లండు తూర్పు తీరాన, నార్ఫోక్‌లోని మండ్స్‌లీ శానిటోరియానికి పంపారు. చలికాలంలో కూడా కిటికీలు తెరిచి ఉంచే చోటు. రోజుకు వేల అడుగులు నడిచే మనిషి నెలల తరబడి పడకకు అంటుకుపోయారు.

కాస్త తేరుకున్నాక దగ్గరలో ఉన్న చిన్న మైదానంలో కొద్దిగా ఆడుకోవడానికి అనుమతి దొరికింది. ఒక్క దెబ్బతోనే బంతి నేరుగా గుంటలో పడటం ప్రతి గోల్ఫ్ ఆటగాడి కల. ఇన్ని పోటీలు ఆడిన వార్డన్‌కు జీవితం మొత్తంలో ఒక్కసారే అది జరిగిందని చెబుతారు. అదీ ఎక్కడ? ఆ మండ్స్‌లీలో, రోగిగా ఉన్నప్పుడు. కప్పు లేదు, జనం లేరు.

ప్రాణం దక్కింది. జబ్బు పూర్తిగా వదలలేదు, తర్వాత కూడా తిరగబెడుతూనే వచ్చింది. కానీ ఆటగాడిగా ఆయనను పడగొట్టింది ఊపిరితిత్తి కాదు, కుడిచేయి. గుంటకు రెండడుగుల దూరంలో బంతి ముందు నిలబడినప్పుడు ఆ చేతిలో నరం ఉన్నట్టుండి ఎగిరిపడేది. ఆయన కొట్టకముందే చేయి కొట్టేసేది. బంతి పక్కకు పోయేది. పసిపిల్లలు కూడా వేయగల దూరం అది. దూరపు దెబ్బలు మాత్రం ఎప్పటిలాగే తీగ లాగినట్టు పడేవి. రెండు దెబ్బల్లో నాలుగు వందల గజాలు దాటినవాడు, చివరి రెండడుగులకు మూడు దెబ్బలు తీసుకోవడం జనం చూసేవారు. నవ్వేవారు నవ్వారు. చేయి ఎప్పుడు ఎగిరిపడుతుందో ఆయనకే తెలియదు. ఒక రోజు ఉండేది కాదు, మరునాడు వచ్చేది. వస్తుందేమోనన్న భయం దాన్ని మరింతగా రప్పించేది. పీఠం మీద మైకు ముందు గొంతు పూడుకుపోయిన పఠనకర్తను అడగండి, ఆ బాధ ఏమిటో చెబుతారు.

అదే సమయంలో ఆట కూడా మారిపోయింది. వార్డన్ నేర్చుకున్నది గట్టి జిగురు ముద్దతో చేసే గట్టాపెర్చా బంతితో. ఎక్కడ కొడితే అక్కడ పడి ఆగే బంతి అది, ఆయన నేర్పుకు సరిగ్గా సరిపోయేది. 1900లో అమెరికా పర్యటన చేసింది కూడా తన పేరు పెట్టిన అటువంటి బంతిని అమ్మిపెట్టడానికే. రెండేళ్ళు తిరగకుండానే లోపల రబ్బరు దారం చుట్టిన కొత్త బంతి వచ్చి పాతదాన్ని తుడిచిపెట్టేసింది. కొత్త బంతి ఎవరు కొట్టినా దూరం పోయేది, ఎగిరి దొర్లేది. 1902 ఓపెన్ గెలిచిన శాండీ హెర్డ్ ఆడింది దానితోనే. వార్డన్ ఒక్క దెబ్బ వెనుక నిలిచారు. కొత్త బంతి వచ్చాక ఆటలో నేర్పు తగ్గిందని ఆయన చివరిదాకా నమ్మారు. నిజమో కాదో నాకు తెలియదు గాని, మగ్గం మీద బతికినవారు మిల్లు గుడ్డ చూసి అన్న మాటలాగే నాకు వినిపిస్తుంది. అయినా ఆయన కొత్త బంతితోనే ఆడటం నేర్చుకున్నారు. గతి లేదు మరి.

1903 తర్వాత ఎనిమిదేళ్ళు ఓపెన్ ఆయనకు అందలేదు. ఆ ఎనిమిదేళ్ళలో స్కాట్లండు వీరుడు జేమ్స్ బ్రెయిడ్ నాలుగుసార్లు గెలిచారు. వార్డన్ అప్పుడప్పుడు పైవరుసలో కనిపించేవారు, కొన్నేళ్ళు ఎక్కడో కిందన. లండన్ ఉత్తరాన టాటరిడ్జ్‌లో సౌత్ హెర్ట్స్ క్లబ్బులో శిక్షకుడిగా ఉద్యోగం చేసుకుంటూ, దొరలకు పాఠాలు చెబుతూ ఉండేవారు. ఆ రోజుల్లో వృత్తి ఆటగాళ్ళను క్లబ్బు భవనంలోకి అతిథుల్లా రానిచ్చేవారు కాదని మీరు గమనించాలి. ప్రపంచ విజేతకైనా ముందు తలుపు లేదు.

1911లో శాండ్‌విచ్‌లో ఆయనా, ఫ్రెంచి ఆటగాడు ఆర్నో మాస్సీ సమానంగా నిలిచారు. మరో 36 గుంటల పోరులో 35వ గుంట దగ్గర మాస్సీ ఓటమి ఒప్పుకున్నారు. నలభై ఒకటో ఏట వార్డన్‌కు ఐదో ఓపెన్. చేయి బాగుపడిందా? లేదు. కాకపోతే గుంటకు ఇంకా దగ్గరగా బంతిని చేర్చడం, చేతికి పరీక్ష పెట్టే సందర్భాలు వీలైనంత తగ్గించుకోవడం ఆయన చేయగలిగారు. బాగైన భాగానికి పని పెంచి, చెడిన భాగానికి పని తగ్గించారు. ఇంతకంటే గొప్ప రహస్యమేదీ నాకు కనిపించలేదు.

1912లో అమెరికా ప్రయాణం అనుకున్నారు. ఆరోగ్యం తిరగబెట్టి ఆగిపోయింది. అప్పుడు ఆయన ఎక్కవలసిన ఓడ టైటానిక్ అని జీవిత చరిత్రకారులు రాస్తారు. ఇది చెప్పగానే దేవుడే కాపాడాడని అనేస్తాం. నేను అనలేను. అలా అంటే ఆ రాత్రి చల్లని నీటిలో మునిగిపోయిన పదిహేను వందల మంది మాటేమిటి? ప్రయాణం తప్పింది, అంతవరకే చెప్పుకుందాం.

మరుసటి ఏడు వెళ్ళారు. 1913 సెప్టెంబరులో బోస్టన్ దగ్గరి బ్రూక్‌లైన్‌లో అమెరికా ఓపెన్. వార్డన్, ఆయన స్నేహితుడు టెడ్ రే గెలుస్తారని అందరి అంచనా. టెడ్ రే కూడా జెర్సీ దీవివాడే. వారిద్దరితో సమానంగా 304 దగ్గర నిలిచినవాడు ఇరవై ఏళ్ళ కుర్రవాడు, ఫ్రాన్సిస్ విమెట్. మైదానానికి వీధి అవతలే ఇల్లు. కెనడా ఫ్రెంచి తండ్రి, ఐరిష్ తల్లి. ఒకప్పుడు అదే చోట సంచులు మోసినవాడు. అతని సంచి మోసింది పదేళ్ళ బడిపిల్లవాడు, ఎడ్డీ లోవరీ. చివరి పోరులో విమెట్ 72, వార్డన్ 77, రే 78. అమెరికాలో గోల్ఫ్ సామాన్యుల ఇళ్ళలోకి వచ్చింది ఆ రోజునే అంటారు. సినిమా కూడా ఆ కుర్రవాడి వైపునుంచే తీశారు. మీరు ఒకసారి రెండో వైపునుంచి చూడండి. ఎదురుగా నిలిచినవాడు ముప్పై అయిదేళ్ళ కిందటి తానే. సంచులు మోసిన పేదింటి పిల్లవాడు. నలభై మూడేళ్ళ వార్డన్ ఆ పిల్లవాడి చేతిలో ఓడి, మనస్ఫూర్తిగా అభినందించి ఓడ ఎక్కారు. ఆయన పని ఇక అయిపోయిందని అనుకోవడానికి ఇంతకంటే తగిన ముగింపు ఉండదు.

1914 జూన్ 18, 19 తేదీల్లో ఓపెన్ మళ్ళీ ప్రెస్ట్‌విక్‌లో. అప్పటికి వార్డన్‌కు ఐదు ఓపెన్‌లు, టేలర్‌కు ఐదు, బ్రెయిడ్‌కు ఐదు. 1894 నుంచి జరిగిన ఇరవై పోటీల్లో పదిహేను ఈ ముగ్గురివే. ముగ్గురికీ నలభై దాటాయి. ఆరోది ఎవరిదన్నదే ప్రశ్న. చివరి రోజున వార్డన్, టేలర్ జతగా ఆడవలసి వచ్చింది. గ్లాస్గో నుంచి రైళ్ళలో వేలమంది దిగారు. తాళ్ళు, కంచెలు లేని కాలం, జనం ఆటగాళ్ళ భుజాలు రాసుకుంటూ నడిచారు. ఆ గుంపులో, ఆ తోపులాటలో, ఎగిరిపడే చేతితో వార్డన్ రెండడుగుల దెబ్బలు కొట్టవలసి వచ్చింది.

మూడు చుట్లు పూర్తయ్యేసరికి టేలర్ 226, వార్డన్ 228. రెండు దెబ్బల వెనుకంజ. చివరి చుట్టులో నాలుగో గుంట దగ్గర వాగు ఉంది. టేలర్ బంతి నీటిలో పడింది. ఆ ఒక్క గుంటకే ఏడు దెబ్బలు. అక్కడినుంచి టేలర్ కోలుకోలేదు, 83తో ముగించారు. వార్డన్ 78. మొత్తం 306, మూడు దెబ్బల తేడాతో విజయం. ఆరో ఓపెన్.

ఒక్క మాట ఇక్కడ నిజాయితీగా చెప్పుకోవాలి. 78 అంటే మహా అద్భుతమేమీ కాదు. ఇదే ప్రెస్ట్‌విక్‌లో పదకొండేళ్ళ కిందట ఆయన నాలుగు చుట్లూ 300లో ముగించారు. అంటే ఆరు దెబ్బలు ఎక్కువ తీసుకొని గెలిచారు. ఆ రోజు ఆయన మునుపటి వార్డన్ కాలేదు, కావాలని ప్రయత్నించనూ లేదు. గుంటకు ఆనుకొని ఉన్న బంతి తప్పిపోయినప్పుడు దాన్ని అక్కడే వదిలి తర్వాతి గుంటకు నడిచారు. ఎదుటివాడికి ఏడు పడిన చోట తనకు ఏడు పడకుండా చూసుకున్నారు. నన్నడిగితే ఆయన ఆరు విజయాల్లో ఇదే పెద్దది. అందమైనది మాత్రం కాదు.

ఆ తర్వాత తొమ్మిది రోజులకు సరయేవోలో ఆస్ట్రియా యువరాజు హత్య జరిగింది. ఆగస్టుకు ఐరోపా అంతా యుద్ధంలో ఉంది. ఓపెన్ పోటీ మళ్ళీ 1920 వరకు జరగలేదు. యుద్ధ కాలంలో ఆ ముగ్గురు మిత్రులు రెడ్‌క్రాస్ నిధి కోసం ప్రదర్శన ఆటలు ఆడారు.

1920లో వార్డన్‌కు యాభై నిండాయి. టెడ్ రేతో కలిసి మూడోసారి అమెరికా వెళ్ళారు. ఆగస్టులో ఒహైయో రాష్ట్రం టొలీడోలోని ఇన్వర్నెస్ క్లబ్బులో అమెరికా ఓపెన్. అర్హత చుట్లలో ఆయనకు జతగా పడినవాడు పద్దెనిమిదేళ్ళ బాబీ జోన్స్. తర్వాత ఆటకే రాజైన జోన్స్ ఆ రోజు ఒక సులువైన దెబ్బను ఘోరంగా చెడగొట్టి, సిగ్గుతో, ఇంతకంటే చెడ్డ దెబ్బ ఎప్పుడైనా చూశారా అని పెద్దాయనను అడిగాడట. వార్డన్ ఆలోచించకుండా చూడలేదని ఒక్క ముక్కలో ముగించారట. ఆయన మితభాషి, ఓదార్చడం ఆయనకు చేతకాదు.

రెండో రోజు మూడు చుట్లు ముగిసేసరికి యాభై ఏళ్ళ వార్డన్ అందరికంటే ముందున్నారు, 218తో. చివరి చుట్టు మొదటి సగం కూడా చక్కగా గడిచింది. ఏడు గుంటలు మిగిలాయి. గెలుపు చేతికి అందినట్టే. అప్పుడు ఈరీ సరస్సు వైపునుంచి గాలి లేచింది. మామూలు గాలి కాదు, మన తీరంలో తుపానుకు ముందు వీచే ఈదురుగాలి వంటిది. పన్నెండో గుంట పొడవైనది, గాలికి ఎదురు. యువకులైతే ఇంకొంచెం బలంగా కొట్టి గట్టెక్కేవారు. వార్డన్‌లో ఆ బలం మిగల్లేదు, ఆ గుంటకు ఆరు దెబ్బలు పట్టాయి. అలసట వచ్చింది. అలసటతో పాటే చేయి వచ్చింది. పదమూడో గుంట దగ్గర చిన్న దెబ్బ తప్పిపోయింది. ఆపై వరుసగా కొన్ని గుంటల దగ్గర బంతి దొర్లించడానికే మూడేసి దెబ్బలు. పదిహేడో గుంట ముందు సన్నని కాలువ, బంతి అందులో పడింది.

ఆయన మొత్తం 296. గెలిచినవాడు 295. ఆ గెలిచినవాడు ఎవరో కాదు, టెడ్ రే. ఒక్క దెబ్బ తేడా. వార్డన్‌తో సమానంగా మరో ముగ్గురు రెండో స్థానంలో నిలిచారు. తర్వాత వంద సంవత్సరాల పాటు యాభై ఏళ్ళ మనిషి ఎవరూ ఇటువంటి పెద్ద పోటీ గెలవలేదు. 2021లో అమెరికన్ ఫిల్ మికెల్‌సన్ గెలిచారు. ఆ గాలి ఓ గంట ఆలస్యంగా లేచి ఉంటే ఆ చరిత్ర 1920లోనే నమోదయ్యేది.

గాలి తనను దోచుకుందని వార్డన్ గొడవ పెట్టలేదు. అలసిపోయానని ఒప్పుకున్నారు. కప్పు పట్టుకున్న స్నేహితుడి పక్కనే ఇంటికి ప్రయాణమయ్యారు. ఆ పోటీలో ఇన్వర్నెస్ క్లబ్బువారు వృత్తి ఆటగాళ్ళకు తమ భవనం తలుపులు తెరిచి ఆదరించారు. అటువంటిది అంతకుముందు ఎరగని ఆటగాళ్ళు కృతజ్ఞతగా చందాలు వేసుకొని ఒక నిలువెత్తు గడియారం బహూకరించారు. తోటమాలి కొడుకు ముందు తలుపు గుండా నడిచింది తాను ఓడిపోయిన చోట.

ఆయన పునీతుడు కాదు, మీ మెప్పు కోసం ఆయనను అలా చేయదలచుకోలేదు. 1926లో వివాహబంధానికి వెలుపల మరొక స్త్రీ ద్వారా ఆయనకు ఒక కొడుకు కలిగాడు. ఈ సంగతి చాలాకాలం లోకానికి తెలియలేదు. ఇద్దరు బిడ్డలను మట్టిలో కలిపి, ఏళ్ళ తరబడి ఖాళీ ఇంట్లో కాలం గడిపిన జెస్సీ మాత్రం చివరివరకు ఆయన భార్యగానే ఉంది. మైదానంలో తన బలహీనతను అంత ఓర్పుతో ఎదుర్కొన్న మనిషి, ఇంట్లో ఆ ఓర్పును చూపలేకపోయారు. ఈ రెండూ ఒకే మనిషిలో ఉన్నాయి. ఒకటి చెప్పి రెండోది దాచడం నాకు న్యాయంగా తోచలేదు.

మిగిలిన ఏళ్ళు టాటరిడ్జ్‌లోనే గడిచాయి. మైదానాలు రూపొందించారు, పాఠాలు చెప్పారు. జబ్బు వచ్చిపోతూనే ఉంది. ఇక పోటీలు ఆడలేని స్థితిలో కూడా క్లబ్బుకు వచ్చి, వచ్చినవారి కర్రపట్టు సరిచేసేవారు. 1937 మార్చి 20న, అరవై ఆరో ఏట కన్నుమూశారు. అదే సంవత్సరం అమెరికా వృత్తి ఆటగాళ్ళ సంఘం ఆయన పేరుతో ఒక బహుమానం నెలకొల్పింది. ఏడాది పొడుగునా సగటున అతి తక్కువ దెబ్బలతో ఆడినవారికి దాన్ని ఇస్తారు. ఆరు ఓపెన్‌ల లెక్కను ఇంతవరకు ఎవరూ అందుకోలేదు. తర్వాతి వారిలో పీటర్ థామ్సన్, టామ్ వాట్సన్ ఐదు దగ్గరే ఆగిపోయారు.

టాటరిడ్జ్‌లో పునీత అంద్రెయ గారి పేర ఉన్న ఆంగ్లికన్ దేవాలయపు సమాధుల తోటలో ఆయనను పాతిపెట్టారు. ముప్పై ఏళ్ళకు పైగా ఆయన పాఠాలు చెప్పిన మైదానం కూడా ఆ ఊళ్ళోనే ఉంది.